వదిన వచ్చేదాకా

గాలి ముందొస్తుంది, బండి తర్వాతొస్తుంది. భూమి అడుగున ఉన్న ఆ మెట్రో స్టేషన్లో రాతి బెంచీ మీద కూర్చున్న కాసేపటికే ఆమెకా సంగతి తెలిసిపోయింది. ముందు సొరంగం నోట్లోంచి, నిద్రపోతున్న మనిషి వదిలే ఊపిరిలా, వెచ్చగా ఇనుము వాసనేస్తూ గాలి కదులుతుంది. నేలమీద పడి ఉన్న కాగితం ముక్కలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. తర్వాత పట్టాలు సన్నగా మూలుగుతాయి. అప్పుడు వెలుగు. ప్రతిసారీ ఆమె గుండె ఆ గాలితోపాటే లేచి, బండి వెళ్ళిపోయాక గానీ కిందికి దిగడం లేదు. నిజానికి బండ్లతో ఆమెకు పనే లేదు. వదిన రావలసింది బండిలో కాదు, మెట్లమీంచి. బడి మధ్యాహ్నం గంట కొట్టగానే పాపని తీసుకుని, టాక్సీలో ఇక్కడికి వచ్చి, ఎదురుగా గరగరమంటూ తిరుగుతున్న ఆ కదిలే మెట్లమీద ఇద్దరూ దిగి రావాలి. ఆ మెట్లు మనుషుల్ని కాళ్ళ దగ్గర మొదలుపెట్టి దించుతాయి. ముందు చెప్పులు, తర్వాత మోకాళ్ళు, చేతిసంచులు, అన్నిటికన్నా చివర్న ముఖాలు. అందుకే ఆమె చెప్పులు మాత్రమే చూస్తోంది. వదిన నల్లచెప్పులు, వాటి పక్కన పాప తెల్లబూట్లు. ఇప్పటిదాకా ఎన్ని నల్లచెప్పులు దిగాయో. ఒక్కదాని పక్కనా తెల్లబూట్లు లేవు.

వదిన అంటే మొగుడి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడు అనేది అమ్మ. అత్తలేని ఇల్లని మురిసిపోకే, ఆడబిడ్డ ఉందిగా, ఆవిడ చెవిలో రహస్యం వేస్తే వీధిలో దండోరా వేయించినట్టే, అని పెళ్ళిలోనే నవ్వుతూ చెప్పింది. అమ్మ నవ్వుతూ చెప్పినవే నిజమయ్యేవి, ఏడుస్తూ చెప్పినవి ఎప్పుడూ కాలేదు. ఇప్పుడు తన రహస్యం మొత్తం, తన బిడ్డతో సహా, ఆ అర్ధమొగుడి చేతిలోనే ఉంది. పాపని బడి నుంచి తీసుకెళ్ళడానికి ఇద్దరికే అనుమతి, తండ్రికీ మేనత్తకీ. తల్లి పేరు ఆ ఏడాది మొదట్లోనే తీసేయించాడు. నీకెందుకు ఎండలో ఆ తిరుగుడు, అన్నాడు. అంత మెత్తగా అన్నాడు, ఎవరైనా వింటే ఇలాంటి మొగుడు దొరకాలంటే రాసి పెట్టి ఉండాలి అనుకుంటారు. అనుకున్నారు కూడా. పక్కింటావిడ అననే అంది. తడిగుడ్డతో గొంతు కోయడం అనే మాట ఆమె చిన్నప్పట్నించీ వింటూనే ఉంది గానీ, ఆ గుడ్డ ఎంత చల్లగా ఉంటుందో, మొదట్లో మెడకి ఎంత హాయిగా కూడా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

ఒళ్ళో సంచి ఉంది. సంచిలో రెండు జతల బట్టలు, పాప ఊలు చొక్కా, పాప పళ్ళ బ్రష్షు. ఫోను లేదు. ఫోను వంటింటి అలమర మీద పెట్టి వచ్చింది, వదిన చెప్పినట్టే. అతని ఫోనులో ఒక పచ్చచుక్క ఉంటుంది, ఆ చుక్క ఆమె. చుక్క వంటింట్లో ఉంటే ఆమె వంటింట్లో ఉన్నట్టు. ఇప్పుడు ఆ చుక్క అక్కడ పొయ్యి పక్కన నిలబడి బుద్ధిగా వంట చేస్తూ ఉంటుంది, పాపం, మసలకుండా, మాడకుండా. ఆమెకి నవ్వొచ్చింది, వచ్చినంత వేగంగానూ పోయింది. ఫోను లేకపోతే అతనికి ఆమె ఎక్కడుందో తెలియదు. సరే. ఆమెకి వదిన ఎక్కడుందో కూడా తెలియదు. బ్రష్షు ఎందుకు తెచ్చింది? కొత్తది కొనుక్కోవచ్చుగా. ఇంట్లోంచి ఒక్కటంటే ఒక్క వస్తువు కూడా కదిలినట్టుండకూడదని వదిన మరీ మరీ చెప్పింది. బట్టలు కూడా అడుగున ఉన్నవి తీసింది, మడత చెదరకుండా. కానీ నిన్న సాయంత్రం స్నానాలగదిలో ఆ చిన్న బ్రష్షు, ఏనుగుబొమ్మ పిడి ఉన్నది, ఒంటరిగా నిలబడి ఉంటే దాన్ని అక్కడ వదిలి వెళ్ళడమంటే పాపని కొంచెం వదిలి వెళ్ళినట్టే అనిపించింది. పళ్ళతో బతికిన మనిషి, బ్రష్షు వదల్లేకపోయింది.

పళ్ళు ఆమె పని. పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక కొంతకాలం కూడా, కట్టుడుపళ్ళు చేసే చోట పనిచేసింది. మైనంతో చిగుళ్ళు మలచడం, సుద్దతో పోసిన దవడ అచ్చులు వరసగా బల్లమీద పెట్టుకుని ఎవరి కొరుకుడు ఎలా ఉందో చూడడం, పింగాణీకి ఆ మనిషి వయసుకి తగ్గ పసుపు కలపడం. మరీ తెల్లగా చేస్తే అబద్ధంలా ఉంటుందమ్మాయ్, అనేవాడు ఆ ల్యాబు యజమాని, అందరూ పళ్ళమాస్టారు అని పిలిచే పెద్దాయన, తన నోట్లో మాత్రం ముందు పన్ను లేకుండానే తిరిగేవాడు. మనిషి ఏడుపు దాచుకోగలడు గానీ కొరుకుడు దాచుకోలేడు, అనేవాడు. మొగుడు మొదట ఆ ల్యాబుకి తన తల్లి పళ్ళసెట్టు తీసుకెళ్ళడానికి వచ్చాడు. తల్లి అప్పటికే మంచాన పడి ఉంది, ఎక్కువ రోజులు బతకలేదు. అయినా సెట్టు రెండుసార్లు సరిచేయించాడు, అమ్మ నమలలేకపోతోందండీ అంటూ, ఎంత ఓపికగా, ఎంత మర్యాదగా. మూడోసారి వచ్చినప్పుడు నవ్వాడు. అప్పుడే చూసింది. కోరపళ్ళు రెండూ అరిగి బల్లపరుపుగా ఉన్నాయి, ఆ వయసుకి అలా అరగకూడదు. రాత్రుళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకి అలా అవుతుంది. చూసింది, పోనీలే, ఎవరికి లేదు ఏదో ఒక దిగులు, అనుకుంది. తర్వాత రాత్రుళ్ళు అతని పక్కన పడుకుని ఆ చప్పుడు వినేది. చీకట్లో ఎవరో రాయి మీద రాయి పెట్టి నిదానంగా నూరుతున్నట్టు. పగలు ఒక్కసారీ గొంతు పెంచని మనిషి. పగలు మింగిందంతా రాత్రి నములుతాడు కాబోలు. నమిలింది ఏమవుతుందో అప్పుడు ఆమె ఆలోచించలేదు.

గాలి. మళ్ళీ గాలి. ఈసారి అవతలి వైపుది. ఇటు ఒక ప్లాట్‌ఫారం, అటు ఒకటి, మధ్యలో గోతిలాగా నల్లగా పట్టాలు. అటువైపు బండి వచ్చి ఆగింది, కిటికీల వెలుగులో మనుషుల తలలు, ఎవరూ ఎవర్నీ చూడడం లేదు, బండి వెళ్ళిపోయింది, అటువైపు ఖాళీ. ఇటు మెట్లమీద చెప్పులు దిగుతున్నాయి. గోధుమరంగువి. ఎత్తుమడమలవి. ఒక జత పిల్లబూట్లు, ఎర్రవి. ఎర్రవి కాదు నాకు కావలసినవి.

"అమ్మా, చాలాసేపట్నించి కూర్చున్నారు." కాపలా ఆవిడ. నీలం చొక్కా, నడుముకి ఈల. ఎప్పుడొచ్చి పక్కన నిలబడిందో. "ఎన్ని బండ్లు వచ్చినా ఎక్కట్లేదు."

"మా వదిన రావాలండి."

"పైన కూర్చోవచ్చుగా. ఇక్కడ ఇంతసేపు ఉండకూడదు. కెమెరాలో చూసి నన్నడుగుతున్నారు, ఆవిడెవరు, ఏంటి సంగతి అని."

కెమెరాలో చూస్తున్నారా? ఎవరు? ఆమె తలెత్తి చూస్తే కప్పుకి వేలాడుతూ ఒక గాజుకన్ను. ఇంట్లో కూడా ఒకటుంది, హాల్లో, పుస్తకాల మధ్య. దొంగలొస్తేనో, అన్నాడు. అందుకే ఇవాళ హాల్లోకి రాకుండా, వదిన తాళం తీసి ఉంచిన పెరటి తలుపులోంచి వచ్చింది. "వచ్చేస్తుందండి, ఇంకాసేపట్లో," అంది. కాపలా ఆవిడ ఆమె ముఖంలోకి, తర్వాత ఒళ్ళో సంచిలోకి చూసింది, ఆ తర్వాత పట్టాల అంచున గీసిన పసుపు గీతకేసి చూసింది. ఆ చూపు ఎందుకో ఆమెకి అర్థమైంది. "అలాంటిదేం లేదండి," అంది మెల్లిగా. "నాకు చిన్నపిల్ల ఉంది." ఆవిడ కొంచెం దూరం వెళ్ళి నిలబడింది, మరీ దూరం కాదు.

చిన్నపిల్ల ఉంది. చిన్నపిల్ల కాబట్టే. నా సంగతైతే ఇంకో పదేళ్ళయినా అలాగే ఉండిపోయేదాన్నేమో. మొదట ఉద్యోగం పోయింది, మైనం వేడికి నీ వేళ్ళు ఎలా అయిపోతున్నాయో చూడు అని వేళ్ళు పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత అమ్మవాళ్ళింటికి వెళ్ళడం పోయింది. తర్వాత తాళంచెవి. అన్నీ చాప కింద నీరులాగే వచ్చాయి, ఒక్కోటీ వచ్చినప్పుడు అది పెద్ద విషయంలా కనపడలేదు, ఇంత చిన్నదానికి పోట్లాడితే మనుషులు నవ్వరూ. పోయిన నెల చివర్లో ఒకరోజు అతను ఇంటికొచ్చి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అమ్మ ఈరోజు ఎవరితో మాట్లాడిందమ్మా, అని అడిగాడు. రోజూ అడిగేదే. పాప రోజూ చెప్పేదే. ఆ రోజు మాత్రం పాప ఆమెకేసి ఒకసారి చూసి, ఎవరితో లేదు, అంది. పక్కింటావిడ వచ్చి కూర్చుని వెళ్ళిన సంగతి అతనికి అప్పటికే తెలుసు, హాల్లో గాజుకన్ను ఉందిగా. అతను కోప్పడలేదు. పాప తల నిమిరాడు. స్నానాలగదిలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లోపల నిలబెట్టి, బయట గడియ పెట్టి, లైటు ఆర్పి, తలుపు పక్కనే కుర్చీ వేసుకుని పేపరు విప్పాడు. అబద్ధం చెప్పేవాళ్ళకి చీకటి అలవాటు కావాలి, అన్నాడు. లోపల పాప మొదట తలుపు కొట్టింది, తర్వాత అమ్మా అంది, తర్వాత నాన్నా అంది, చివరికి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆమె గడియ మీద చెయ్యి వేస్తే అతను పేపర్లోంచి తలెత్తకుండా, నువ్వు తీస్తే రేపు రెట్టింపు, అన్నాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చెయ్యి ఇదే. ఈ సంచి మీద ఉన్నది.

వదిన పని నుంచి అప్పుడే వచ్చింది. పెద్ద లాండ్రీలో పని ఆవిడది, హోటళ్ళ దుప్పట్లు కొండల్లా వచ్చిపడే చోటు, ముప్ఫయ్యేళ్ళుగా ఆవిరిలో నిలబడి నిలబడి ముఖం ఎప్పుడూ కొంచెం ఉడికినట్టే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముణ్ణి పెంచి చదివించింది. ఇంట్లో ఆవిడ మాట్లాడే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అందులో సగం ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో. ఆ రోజు తలుపు దగ్గర చెప్పులు విప్పి, కుర్చీలో తమ్ముణ్ణి చూసి, గడియని చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి తీసింది. పాపని ఎత్తుకుని తన గదిలోకి తీసుకుపోయింది. అతను పేపరు ఇంకో పక్కకి తిప్పాడు. రెండ్రోజుల తర్వాత ఆరేసిన దుప్పటి మడతపెడుతూ, ఆ కొన వదిన చేతిలో ఈ కొన ఆమె చేతిలో, ఇద్దరూ దగ్గరికి వచ్చినప్పుడు వదిన కళ్ళెత్తకుండా అంది, "మా నాన్న గొంతు కూడా ఎప్పుడూ పెరగలేదు." దూరం జరిగారు, దులిపారు, మళ్ళీ దగ్గరికి వచ్చారు. "వచ్చే బుధవారం నాకు సెలవు." అంతే. అక్కణ్ణించి ప్రతి దుప్పటి మడతలోనూ ఒక్కో మాట. ఏ బండి, ఏ స్టేషను, ఎక్కడికి. పుట్టింటికి వద్దు, ముందు అక్కడే వెతుకుతాడు. పళ్ళమాస్టారి చెల్లెలికి వేరే ఊళ్ళో ల్యాబుందట, ఆయనకి వదిన లాండ్రీ ఫోను నుంచి ఫోను చేసి మాట్లాడింది. మనిషి కావాలి, ముందు రమ్మను, అన్నారట. రెండుగంటల రైలు. ఇవాళే బుధవారం.

ఒకటిన్నర కావస్తోంది. స్తంభం మీద గడియారం చూడకూడదనుకుంటూనే చూసింది. బడి ఎప్పుడో వదిలి ఉండాలి. టాక్సీ దొరకలేదేమో. పాప మారాం చేసిందేమో, సంచి మర్చిపోయాననో, నీళ్ళసీసా అనో. పాప పొద్దున్న పాలు తాగుతూ ఏమైనా అనేసిందా? పాపకి ఏమీ తెలియదు, తెలియకూడదనే చెప్పలేదు. కానీ పిల్లలకి తెలియదనుకున్నవే తెలుస్తాయి. లేదంటే వదినే. ఆ మాట ఇందాకట్నించీ చీకట్లో కళ్ళు మెరుస్తూ ఒక మూల కూర్చునే ఉంది, ఇప్పుడు లేచి వచ్చింది. లేదంటే వదినే. రక్తం రక్తమే. తన చేత్తో స్నానం చేయించి, అన్నం పెట్టి పెంచుకున్న తమ్ముడు. నిన్నగాక మొన్న వచ్చినదాని కోసం వాణ్ణి ఒంటరి చేస్తుందా? చేయడానికి ఒప్పుకుంది, సరే, కానీ ఒప్పుకోవడానికీ చేయడానికీ మధ్య ఒక రాత్రి ఉంటుంది కదా. నిన్న రాత్రి అక్కాతమ్ముళ్ళిద్దరూ వసారాలో చాలాసేపు కూర్చున్నారు. మాటలు వినపడలేదు. ఒకసారి మాత్రం వదిన నవ్వినట్టు వినపడింది. వదిన నవ్వడం ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు. అమ్మా, దండోరా అన్నావు చూడు. పిచ్చిదాన్ని, ఫోను కూడా ఇంట్లో పెట్టి, బిడ్డని వాళ్ళ చేతుల్లో పెట్టి, నా కాళ్ళతో నేనే నడిచొచ్చి ఈ గుంటలో కూర్చున్నాను. పైకి వెళ్ళి చూడనా? వెళ్తే, అదే క్షణంలో వాళ్ళు పొరపాటున అవతలి వైపు మెట్లమీంచి దిగితే? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఇక్కడ నుయ్యి అడుగునే కూర్చున్నాక ఇంకేముంది చెప్పుకోడానికి. కాపలా ఆవిడ ఇటే చూస్తోంది.

అవతలి వైపు గాలి లేచింది, బండి వచ్చింది, ఆగింది, కదిలింది. ఆఖరి పెట్టె ఎర్రదీపాలు సొరంగంలోకి జారిపోయాక అవతలి ప్లాట్‌ఫారం మీద, మెట్లు దిగే చోట, అతను నిలబడి ఉన్నాడు.

ముందు అతను కాదనుకుంది. అలాంటి బూడిదరంగు చొక్కాలు ఊరినిండా ఉన్నాయి. అతను అటూ ఇటూ చూస్తూ బెంచీలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ వస్తున్నాడు, ఎవరి కాళ్ళూ తొక్కకుండా, అడ్డమొచ్చిన ముసలాయనకి దారి ఇచ్చి. తర్వాత ఎందుకో తల తిప్పాడు. పట్టాలకి అటు అతను, ఇటు ఆమె. చూశాడు. నవ్వాడు. అంత దూరంలో కోరపళ్ళు కనపడవు, అయినా ఆమెకి కనపడ్డాయి. అరచెయ్యి ఎత్తి, రోడ్డు దాటబోయే చిన్నపిల్లకి చూపించినట్టు, అక్కడే ఉండు, అని సైగ చేశాడు. తర్వాత వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచాడు. పరిగెత్తలేదు. తప్పు చేసినవాళ్ళే పరిగెత్తుతారు, అంటాడు ఎప్పుడూ. అతను అటు మెట్లెక్కాలి, పైన హాలు దాటాలి, ఇటు మెట్లమీద దిగాలి. ఆమె చూస్తున్న ఆ మెట్లమీదే. ముందు చెప్పులు కనపడతాయి.

ఈ చోటు తెలిసింది ఈ లోకంలో వదినకొక్కదానికే. ఆమెకి కోపం రాలేదు. ఆశ్చర్యంగా, ఏదో తేలికైనట్టు అయింది, పుండు చితికితే అయినట్టు. లేవాలి. లేచింది. ఎక్కడికి? ఇటు పక్క ఇంకో దారి లేదు. పాప ఎక్కడుంది? ఇంట్లోనా, బడిలోనా, కారులోనా? పాప తన దగ్గరుందన్న ధీమా ఉండబట్టే అంత నింపాదిగా నడుస్తున్నాడు. ఇప్పుడు వచ్చి చెయ్యి పట్టుకుంటాడు, అందరూ చూస్తుండగా, భార్య చెయ్యి భర్త పట్టుకుంటే ఎవరేమంటారు, పద ఇంటికెళ్దాం అంటాడు, సంచి తనే మోస్తాడు. బ్రష్షు మళ్ళీ దాని గ్లాసులో పెడతాడు. రాత్రికి ఆ చీకటిగది శిక్ష ఎవరికో చెప్తాడు. తనకైతే ఫరవాలేదు.

ముఖానికి వెచ్చగా గాలి తగిలింది. ఇటు వైపు గాలి.

పట్టాలు మూలిగాయి. వెలుగు సొరంగం గోడ మీద పాకింది. ఎక్కితే తను బయటపడుతుంది, పాప ఇక్కడే ఉండిపోతుంది. ఎక్కకపోతే ఇద్దరూ ఉండిపోతారు, కానీ కలిసి. ఎవరైనా అడిగితే ఇందులో ఆలోచించడానికేముందనేది, అడిగేవాళ్ళు లేరు గనక ఆలోచించింది, ఒక్క ఊపిరి పట్టేంతసేపు, ఆ ఒక్క ఊపిరిలో తను ఒక్కతే రైల్లో కూర్చుని ఉండడం కూడా చూసింది, కిటికీ పక్కన, ఖాళీ ఒడితో, మెడ చుట్టూ ఏమీ లేకుండా. చూసి సిగ్గుపడి ఒక అడుగు వెనక్కి వేసింది. ఎక్కను. రానీ. కాపలా ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని దగ్గరికి వచ్చేసింది. బండి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. సరిగ్గా ఆమె ముందు కాదు, రెండు పెట్టెల అవతల, ఎవరో ఒక పెద్దావిడ సగం బయటికి వంగి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో చంకలో, ఎత్తుకునే వయసు ఎప్పుడో దాటిన పిల్లని మోస్తూ, ఆమెని పిలుస్తోంది. తెల్లబూట్లు వేలాడుతున్నాయి.

ఆమె పరిగెత్తింది.

"ఎక్కు," అంది వదిన. "తర్వాత చూద్దాం ఏదైనా. ఎక్కు ముందు."

తలుపులు మూసుకున్నాయి. పాపని లాక్కుని మెడలో ముఖం పెట్టుకుంది, చెమట, సుద్దముక్కల వాసన. అద్దంలోంచి మెట్లు కనపడ్డాయి. చెప్పులు దిగుతున్నాయి, మోకాళ్ళు, బూడిదరంగు చొక్కా. ముఖం దిగేలోపే బండి సొరంగంలోకి వెళ్ళిపోయింది.

"ఆయన వచ్చేశారు వదినా. ఆయనకి తెలిసిపోయింది."

"తెలుసు," అంది వదిన ఆయాసపడుతూ. "చెప్పింది నేనే."

బండి చప్పుడులో సరిగ్గా విన్నదో లేదో అనుకుంది. వదిన సీట్లో కూలబడి మోకాళ్ళు పట్టుకుంది.

"పొద్దున్న పిల్ల బ్రష్షు లేదని చూశాడు. నన్నేం అడగలేదు. నేను బడికి వెళ్ళేసరికి గేటెదురుగా కారులో కూర్చుని ఉన్నాడు. అక్కా, నువ్వూ వచ్చావా, అన్నాడు. వాడక్కడ ఉన్నంతసేపూ పిల్ల బయటికొస్తే వాడి చేతిలోకే వస్తుంది. ఏం చెయ్యమంటావు? నీ పెళ్ళాం వెళ్ళిపోతోందిరా, ఫలానా స్టేషన్లో ఉంది, వెళ్ళి పట్టుకో, పిల్లని నేను ఇంటికి తీసుకెళ్తానని చెప్పాను. అటు వైపు బండికని చెప్పాను. కారు మలుపు తిరగ్గానే దీన్ని ఎత్తుకుని బడి పక్క స్టేషన్లోకి దిగి బండెక్కాను."

"నన్ను పట్టుకునుంటే?"

వదిన పాప జుట్టులో ఊడిపోతున్న క్లిప్పు తీసి మళ్ళీ పెట్టింది.

"పట్టుకునుంటే నేనూ పిల్లా రైలెక్కేసేవాళ్ళం," అంది. "నువ్వు నా చోట ఉన్నా అదే చేసేదానివి."

చేసేదాన్నా? ఒక్క ఊపిరి సేపు ఖాళీ ఒడితో కిటికీ పక్కన కూర్చున్న తనని ఇందాకే చూసింది కదా. ఆమెకి వదిన చెంప పగలగొట్టాలనీ, వదిన కాళ్ళమీద పడాలనీ ఒకేసారి అనిపించి, రెండూ చెయ్యకుండా పాపని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. నొప్పమ్మా, అంది పాప.

"నేను వచ్చే స్టేషన్లో దిగిపోతాను," అంది వదిన. "రైలుస్టేషను దాని తర్వాతది. దిగగానే ఎడమపక్కకి వెళ్ళు."

"మీరూ రండి వదినా. మీరింక ఆ ఇంటికి ఎలా వెళ్తారు?"

"నేనూ లేకపోతే వాడు ముగ్గుర్ని వెతుకుతాడు. నేనుంటే నన్నడుగుతాడు. అడుగుతున్నంతసేపూ వెతకడు."

"మిమ్మల్నేమైనా చేస్తే?"

"పెంచినదాన్ని. ఏం చేస్తాడు." ప్రశ్నలా అనలేదు, అలాగని తెలిసినట్టూ అనలేదు. కిటికీలో నల్లగోడ పరిగెడుతోంది, అందులో వాళ్ళ ముగ్గురి నీడలూ కదలకుండా కూర్చుని ఉన్నాయి. "వాడికి అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పట్నించీ అలవాటేలే. మంచం కింద దాక్కుని అడిగేవాడు, అక్కా, నాన్న వస్తున్నాడా, అని. రావట్లేదు, పడుకోరా, అనేదాన్ని. మెట్లమీద చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది." ఆ మాటలు అనవసరంగా అన్నానే అన్నట్టు చేతులు దులుపుకుంది. "ఫోను చెయ్యకు. లాండ్రీకి కూడా వద్దు. నేనే చేస్తాను, వీలైనప్పుడు."

బండి నిదానించింది. వదిన లేచి పాప బుగ్గ మీద వేళ్ళతో తట్టింది, దుప్పటి ఆరిందో లేదో చూసేటప్పుడు తట్టినట్టే, దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. బండి మాత్రం వెంటనే కదల్లేదు, ముందు దారి ఖాళీ లేదు కాబోలు, గుర్రుమంటూ అలాగే నిలబడింది. అద్దానికి అటువైపు వదిన వెళ్ళిపోకుండా స్తంభం పక్కన ఆగింది. బండి ఇంకా అక్కడే ఉందన్న ధ్యాస లేనట్టు ఇటు చూడలేదు. చేత్తో జుట్టు కొంచెం చెదరగొట్టుకుంది. గొంతు సవరించుకుంది. నోరు తెరిచి స్తంభంతో ఏదో అంది. అద్దంలోంచి మాట వినపడలేదు, పెదాలు మాత్రం స్పష్టంగా కదిలాయి: నన్ను కూడా మోసం చేసి పోయిందిరా. అని, తల అడ్డంగా ఊపింది. కుదరలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గుండెమీద చెయ్యి వేసుకుంది, పిల్లని నా చేతుల్లోంచి లాక్కుని పోయిందిరా, అంది, ముఖం ముడుచుకుపోయింది, అరిచేత్తో కళ్ళు తుడుచుకుని, ఆ తడిని ఒకసారి చూసుకుని, ఇది బావుందన్నట్టు తలూపి, మూడోసారి మొదలుపెట్టింది.

"అత్త ఎవరితో మాట్లాడుతోందమ్మా?" అంది పాప, అద్దానికి ముక్కు ఆనించి.

"నాన్నతో."

"నాన్న లేడుగా అక్కడ."

బండి కదిలింది. స్తంభం, వదిన, మెట్లు వెనక్కి జారాయి.

"వస్తాడు," అంది ఆమె.